సూప్ గిన్నె మీద ఆకుపచ్చ లేబుల్

2011 ఫిబ్రవరి రెండో వారంలో నన్ను ఇండియానా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి రెండు రోజుల ఆడిట్‌కి పంపించారు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో సప్లయర్ ఆడిటర్‌ని. అద్దె ఇల్లు పిస్కాటవేలో, నిద్ర నెలకి మూడు వారాలు హోటళ్లలో. ఎనిమిదేళ్లు ఆ పని చేసి ముప్ఫై మూడేళ్లకే మానేశాను. వయసు చూసి నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ, ఆ వృత్తి వరకు నేను రిటైరైన మనిషినే.

మందుల కంపెనీ మాత్రలు తనే చేసుకుంటుంది. సీసా, మూత, సీసాలో పెట్టే దూది, అట్టపెట్టె మాత్రం బయట కొంటుంది. అవి చేసేవాళ్లు ఒప్పుకున్నట్టే చేస్తున్నారా లేదా అని రెండేళ్లకొకసారి వెళ్లి చూసి రావడం సప్లయర్ ఆడిటర్ పని. కనిపించిన లోపాలని అతను మూడు రకాలుగా విడగొడతాడు. మైనర్ అయితే ఒక ఉత్తరంతో సరిపోతుంది. మేజర్ అయితే గడువులోగా సరిచేసి రుజువు చూపాలి. క్రిటికల్ అయితే ఆ కంపెనీ పేరు ఆ రోజే మా ఆమోదిత జాబితాలోంచి తీసేస్తారు. మళ్లీ ఆడిట్ జరిగి పాసయ్యేదాకా ఒక్క ఆర్డరు కూడా వెళ్లదు. నేను వెళ్లిన ఫ్యాక్టరీలో నలభైమంది పనిచేసేవాళ్లు, వాళ్ల సరుకులో సగం మేమే కొనేవాళ్లం. కాబట్టి అక్కడ ఆ మూడో మాటకి అర్థమేమిటో నాకూ తెలుసు, వాళ్లకీ తెలుసు.

వాళ్లు చేసేది సిలికా జెల్ పొట్లాలు. మందు సీసా మూత తీయగానే పైన కనిపించే, తినకూడదని రాసి ఉండే చిన్న తెల్ల పొట్లం అదే. సీసాలోని తేమని అది పీల్చుకుంటుంది. అలా పీల్చాలంటే ముందు జెల్‌ని ఓవెన్‌లో ఇంత వేడి మీద, ఇన్ని గంటలు అని లెక్క ప్రకారం ఎండబెట్టాలి. ఎండబెట్టారనడానికి రుజువు ఒక గుండ్రటి కాగితం. అది గడియారంలా మెల్లగా తిరుగుతూ ఉంటే, దాని మీద ఒక పెన్ను ఓవెన్ వేడిని గీస్తూ పోతుంది. దాన్నే చార్ట్ అంటాం.

యజమాని పేరు చెన్. క్వాలిటీ మేనేజర్ పేరు లిన్. ఆవిడ ఆయన భార్య. చైనావాళ్లలో పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే అలవాటు లేదు కాబట్టి ఆ సంగతి మొదటి రోజు మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు. ప్రొడక్షన్‌ని తప్పుపడుతూ ఆవిడ చెన్‌కి రాసిన మెమోలు ఫైల్లో చూసి, వీళ్లిద్దరికీ పడదు కాబోలు అని నోట్ చేసుకున్నాను. పెళ్లయి ఇరవై రెండేళ్లయిందని తరవాత తెలిసింది. రెండూ నిజమే కావచ్చు.

ఆ మధ్యాహ్నం నవంబరు నెల చార్టులు తిరగేస్తుంటే ఒకటి నాకు నచ్చలేదు. నిజమైన ఓవెన్ గీతకి సన్నటి పళ్లుంటాయి. హీటర్ ఆగినప్పుడు కొంచెం దిగుతుంది, మళ్లీ అందుకున్నప్పుడు కొంచెం లేస్తుంది. ఆ చార్టులో మూడు గంటల మేర పళ్లు లేవు. గీత నున్నగా, అందంగా ఉంది. చెన్‌ని అడిగితే, అంతకుముందే కొత్త పెన్ను వేశాం, కొత్త పెన్ను బాగా రాస్తుంది అన్నాడు. లిన్ ఆ కాగితాన్ని కాసేపు చూసి, కనుక్కుని రేపు చెబుతానంది.

ఆడిటర్‌కి అనుమానం రావచ్చు గానీ అనుమానాన్ని రిపోర్టులో రాయకూడదు. గీత అందంగా ఉందన్నది లోపం కాదు. అంతకన్నా ఏమీ తేలకపోతే నేను రాయగలిగింది ఒకటే: రికార్డర్ పెన్ను మార్చిన తేదీ నమోదు చేయలేదు, మైనర్.

ఇక భోజనం సంగతి. ఆ ఊళ్లో తినడానికి ఉన్నవి రెండు హోటళ్లు. ఒకటి బర్గర్లది, రెండోది నిప్పుల మీద మాంసం కాల్చేది. నేను శాకాహారిని. సూట్‌కేసులో పులిహోర పేస్టు ఉంది గానీ నేను దిగిన హోటల్ గదిలో మైక్రోవేవ్ పనిచేయలేదు. దానికి తోడు జలుబు. ఆడిట్ మధ్యలో వాళ్లు తెప్పించిన శాండ్‌విచ్‌లన్నిటిలో హామ్ ఉండటంతో మెషీన్‌లో కొన్న చిప్స్‌తో కానిచ్చాను. లిన్ అది చూసింది. సాయంత్రం మా ఇంట్లో తినండి, మా అత్తగారు వండుతారు, మీరు తినని వాటి లిస్ట్ పంపండి అంది.

మామూలు మనిషైతే వెజిటేరియన్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు. నేను పట్టిక పంపాను. మాంసం, చేప, గుడ్డు, రొయ్య, పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్, జెలటిన్, ఇలా మొత్తం పది అంశాలు. అరగంట తరవాత ఎండు రొయ్యల పొడి గుర్తొచ్చి పదకొండోది చేర్చి, వెర్షన్ 1.1 అని పేరు మార్చి మళ్లీ పంపాను.

సప్లయర్ ఇంట్లో భోజనానికి మా కంపెనీలో మేనేజర్ అనుమతి కావాలి, ఒక ఫారం కూడా నింపాలి. మా మేనేజర్ మూర్తి గారిది గుంటూరు, అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్లు. ఫోన్ చేశాను.

"వాళ్లింట్లో నీకేం పెడతారయ్యా ప్రసాదూ?"

"లిస్ట్ పంపానండీ."

"తినేవాటిదా?"

"తిననివాటిదండీ."

"పెళ్లి సంబంధాలు కూడా ఇట్లాగే చూస్తున్నావా?" అని కాసేపు నవ్వుకున్నారాయన. "సరే, వెళ్లిరా. పస్తుండి ఆడిట్ చేస్తే అన్నీ మేజర్లే కనపడతాయ్. ఫారం మటుకు ఇవాళే సబ్మిట్ చెయ్యి. రెస్టారెంట్ పేరు అడుగుతుంది, అక్కడ ఇల్లు అని రాయి."

ఆరింటికి వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లోంచి వేగుతున్న ఎండుమిరపకాయల ఘాటు వాకిలి దాకా వస్తోంది. చెన్ తల్లి హునాన్ ప్రాంతం మనిషి. డెబ్బై దాటిన వయసు. ఇంగ్లీషు రాదు. నేను లోపల అడుగుపెడుతూనే రెండుసార్లు దగ్గాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి కోడలితో ఏదో అంది. "ఇంత సన్నగా ఉన్నవాణ్ణి ఈ చలిలో ఒంటరిగా ఎవరు పంపించారని అడుగుతోంది" అని లిన్ అనువదించింది. కంపెనీ పంపించిందన్నాను. ఆవిడ నమ్మలేదు.

బల్ల మీద ఆరు గిన్నెలు. ప్రతి గిన్నె పక్కనా ఒక లేబుల్. ఫ్యాక్టరీలో సరుకు మీద అంటించే లేబుళ్లే అవి: వాడొచ్చు అనడానికి ఆకుపచ్చ, ఆగమనడానికి పసుపు, వద్దనడానికి ఎరుపు. టోఫూ, వంకాయ, క్యాబేజీ, సూప్ ఆకుపచ్చ. చెన్ కోసం చేసిన చేప ఎరుపు, దాన్ని బల్ల అవతలి చివర విడిగా పెట్టారు. మిరపకాయల ఊరగాయకి పసుపు, ఎందుకంటే అది పోయినేడు పెట్టిన సీసా, అందులో ఏమేం వేసిందీ అత్తగారికి గుర్తులేదు. ప్రతి లేబుల్ మీదా రెండు సంతకాలు. వండినది అత్తగారు, సరిచూసినది లిన్. నా పదకొండు అంశాల పట్టిక ఫ్రిజ్‌కి అంటించి ఉంది. ఒక్కో అంశం పక్కన టిక్కు.

ఇది నన్ను ఆటపట్టించడమో, గౌరవించడమో అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

"ఇంట్లో నాకు కూడా లేబుల్ ఉంటుంది" అన్నాడు చెన్. "సాధారణంగా పసుపు."

"ఇవాళ ఎరుపు" అంది లిన్.

ఊరగాయ సంగతి ముందు తేలింది. అత్తగారు చాలాసేపు ఆలోచించి మిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి, అల్లం అని లెక్కచెప్పింది. లిన్ పసుపు లేబుల్ తీసి ఆకుపచ్చది అంటించి సంతకం పెట్టింది. నేను వేడన్నంలో అది కలుపుకుని తిన్నాను. మా ఇంట్లో పండుమిరప పచ్చడి తినే పద్ధతే అది. చెన్ నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు. ముసలావిడ నా ముఖంలోకే చూస్తూ ఇంకో చెంచా వేసింది. అదీ తిన్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి ఒక మాట అంది. "తన కొడుకు అమెరికా వచ్చి చెడిపోయాడు, ఈ అబ్బాయి చెడిపోలేదు అంటోంది" అంది లిన్.

సూప్ విషయానికొస్తే, ఆ వారంలో నేను తిన్న వాటిలో, నిజానికి ఆ శీతాకాలంలోనే, అంత మంచిది లేదు. ముల్లంగి ముక్కలు, పుట్టగొడుగులు, అల్లం. గొంతులో దిగుతుంటే జలుబు కరుగుతున్నట్టే ఉంది. సూప్ పాత్ర అడుగుకి చేరేదాకా మెచ్చుకుంటూనే రెండు గిన్నెలు తాగాను. అందరికీ వడ్డించి చివర్లో కూర్చున్న లిన్, మిగిలినది తన గిన్నెలో పోసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. చెంచా కింద పెట్టింది. అత్తగారిని ఏదో అడిగింది. ఆవిడ టోఫూ వడ్డిస్తూనే పొడిగా జవాబిచ్చింది. చెన్ నవ్వాడు.

"ఏం లేదు" అన్నాడు నాతో. "వంట గొడవ."

"సూప్ మీ లిస్ట్ ప్రకారం లేదు" అంది లిన్. "ముల్లంగి ఉడికించింది కోడి ఉడికించిన నీళ్లలో. నేను కూరగాయలు తరగడం చూశాను, టిక్కు పెట్టాను. రుచి చూడకుండా సంతకం చేశాను. తప్పు నాది."

చెన్ కుర్చీలోంచి లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్లి నా పట్టిక పైనుంచి కిందిదాకా చదివాడు. "ఇందులో కోడి నీళ్లు లేవు" అన్నాడు. "మాంసం అని ఉంది. ఎండు రొయ్యల పొడి కూడా ఉంది. మాంసం ఉడికించిన నీళ్ల సంగతి లేదు. లిస్ట్‌లో లేనిది తప్పెలా అవుతుంది?"

ఆయన అన్నది నిజం. నేను వెర్షన్ 1.1 దాకా వెళ్లి కూడా దాన్ని వదిలేశాను. సప్లయర్‌కి పంపే స్పెసిఫికేషన్లో ఇలాంటి ఖాళీ ఉంటే తప్పు రాసినవాడిది, చేసినవాడిది కాదు. ఆ వాదనకి జవాబు లిన్ దగ్గర ఉంది.

"ఆయన ఏం తినడో నీకు తెలుసు, నాకు తెలుసు. లిస్ట్ ఎందుకు?"

గొడవ దేనికని ముసలావిడ అడిగింది. చెప్పారు. ఆవిడ లేచొచ్చి, నా ఖాళీ గిన్నె నా ముఖం ముందుకి వంచి పట్టుకుని ఒక మాట అంది. లిన్ అనువదించింది. "ఇందులో కోడి ఎక్కడుందో చూపించమంటోంది. జలుబు చేసిన పిల్లాడికి వట్టి నీళ్లు ఎలా పోస్తానంటోంది."

సరుకులో లోపం కంటికి కనిపించకపోతే లోపమే లేదనే ఆ వాదన నేను అప్పటికి ఏడు రాష్ట్రాల్లో విన్నాను. జలుబు కారణం మాత్రం మొదటిసారి. ఫరవాలేదన్నాను. ఇరవై తొమ్మిదేళ్లుగా ఫరవాలేదనుకోని విషయం అది. ఏం జరగాలని ఎదురుచూశానో తెలియదు గానీ ఏమీ జరగలేదు. ఆ పూట హోటల్లో దగ్గు రాకుండా నిద్రపోయాను.

మర్నాడు తొమ్మిదింటికి లిన్ ఒంటరిగా మీటింగ్ రూమ్‌కి వచ్చి, నవంబరు చార్టు బల్ల మీద పరిచి, పక్కన ఒక కాఫీ డబ్బా మూత పెట్టింది. మూత అంచు ఆ నున్నటి గీతకి సరిగ్గా సరిపోయింది. ఆ రోజు పెన్ను ఇరుక్కుపోయి మూడు గంటలు గీత పడలేదట. చార్టులో ఖాళీ ఉంటే ఆ బ్యాచ్ సరుకంతా ఆగిపోతుందని ఆపరేటర్ మూత పెట్టి గీసేశాడు. డిసెంబర్లో ఆవిడ కనిపెట్టింది. పొట్లాలకి తేమ పరీక్ష మళ్లీ చేయిస్తే పాసయ్యాయి. పాసయ్యాయి కదా, వదిలేయమన్నాడు చెన్. ఆవిడ వదిలేసింది. జరిగింది జరిగినట్టు రాసి కారణం వెతకాల్సిన కాగితాన్ని మా భాషలో డీవియేషన్ రిపోర్ట్ అంటారు. అది రాయలేదు.

"నిన్న మా ఆయన ముందు చెప్పలేకపోయాను" అంది. "రాత్రి చెప్పాను, ఇవాళ మీకు చెబుతానని."

ఆయన ఏమన్నాడని అడిగాను.

"నీ సూప్ సరిపోలేదా అన్నాడు."

గీత పడకపోవడం మైనర్. లేని గీతని గీయడం దొంగ రికార్డు, దొంగ రికార్డు ఎప్పుడూ క్రిటికల్. ఆవిడ నోరు మూసుకుని ఉంటే నా కాగితం మీద ఉండేది ఒక పెన్ను తేదీ. నిజం చెప్పింది కాబట్టి నలభైమంది పని ప్రమాదంలో పడింది. నాకు మధ్యలో ఆగాలనిపించింది. తమంతట తామే బయటపెట్టారు, సరుకు బాగుంది, మేజర్ చాలు అని వాదన తయారుచేసుకుని మూర్తి గారికి ఫోన్ చేశాను.

ఆయన మొత్తం విన్నారు. "ఆవిడ చెప్పకపోతే మైనర్, చెబితే క్రిటికల్. అంతేగా?"

"అంతేనండీ. అందుకే మేజర్ రాద్దామని."

"మన ఫారంలో నిజాయితీకి బాక్స్ లేదు నాయనా. ఉంటే నేనే టిక్కు పెట్టేవాణ్ణి. ఇంకో సంగతి. నిన్న నువ్వు ఇంకో ఫారం సబ్మిట్ చేశావు, గుర్తుందా? సప్లయర్ ఇంట్లో భోజనం. ఇవాళ మెత్తగా రాస్తే రేపు ఎవడో ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాడు."

"తినకపోయుంటే?"

"తినకపోయుంటే మేజర్ అని వాదించి ఉండేవాడివి, నేను సంతకం పెట్టి ఉండేవాణ్ణి. తిన్నావుగా."

ఆవిడ ఎలాంటి మనిషో నాకు తెలిసింది ఆ భోజనాల బల్ల దగ్గర. ఆ తెలిసినదాన్ని నేను వాడుకోలేకపోయింది ఆ బల్ల దగ్గర కూర్చున్నందుకే. క్రిటికల్ అని రాశాను.

ఆడిట్ చివర్లో ముగింపు సమావేశం ఉంటుంది. లోపాలని ఆడిటర్ పైకి చదవాలి, యజమాని విన్నట్టు సంతకం చేయాలి. చదివాను. చెన్ పెన్ను పట్టుకుని చాలాసేపు సంతకం పెట్టలేదు.

"నిన్న మా అమ్మ నీకు రెండు గిన్నెలు పోసింది" అన్నాడు.

"ఆయన నేను చెప్పిందే రాశాడు" అంది లిన్. "అక్షర దోషాలుంటే చూడు. సంతకం పెట్టు."

పెట్టాడు. నాతో చేయి కలపలేదు. ఆవిడ కలిపింది. ఎయిర్‌పోర్ట్ చేరేలోగా ఆవిడ నుంచి మెయిల్ వచ్చింది. క్రిటికల్‌కి జవాబేమో అని తెరిచాను. సూప్ మీద డీవియేషన్ రిపోర్ట్ అది. కారణం: అతిథికి జలుబు. దిద్దుబాటు: ఇకపై రుచి చూడకుండా సంతకం చేయరాదు. సిబ్బందికి శిక్షణ: అత్తగారికి మూడుసార్లు ఇచ్చాం, ఫలితం లేదు. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక ఏ ఫైల్లోనూ పెట్టలేదు.

ఆ ఫ్యాక్టరీ ఏడు నెలలు మా జాబితాలో లేదు. ఈలోగా పన్నెండుమందిని తీసేశారని విన్నాను. మళ్లీ ఆడిట్‌కి నన్ను పంపలేదు, అక్కడ భోజనం చేసినవాణ్ణి కాబట్టి. వేరే సహోద్యోగి వెళ్లి, శాండ్‌విచ్ తిని, రెండు మైనర్లు రాసి వచ్చాడు. ఆ ఏడు నెలలూ మేము పొట్లాలు ఇంకో రాష్ట్రంలోని పెద్ద కంపెనీ దగ్గర కొన్నాం. దాన్ని అంతకు ముందు ఏడాది ఆడిట్ చేసింది నేనే. లోపాలు సున్నా. నా పాత నోట్సు తీసి చూశాను. వాళ్ల చార్టుల ఎదురుగా ఒకే ఒక్క మాట ఉంది: చాలా శుభ్రంగా ఉన్నాయి. ఆ శుభ్రం దేనివల్లో అప్పట్లో నేను అడగలేదు.

ఆ తరవాత ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా మొదటి గంటలో చెక్‌లిస్ట్ పక్కన పెట్టి, ఈ మధ్య మీరు చేసిన తప్పు ఒకటి చెప్పమని అడిగేవాణ్ణి. ఏమీ లేదన్న చోట ఇంకో రోజు అదనంగా ఉండిపోయేవాణ్ణి. దానివల్ల నా రిపోర్టులు కొంత మెరుగయ్యాయి, ఫారం మాత్రం మారలేదు. తప్పుని ఒప్పుకున్నవాళ్ల మీద తప్పు రాయడం ఆ ఉద్యోగంలో తేలిక. ఒప్పుకోనివాళ్ల దగ్గర తప్పు లేదని రాయడం ఇంకా తేలిక. మానేసేముందు నా రిపోర్టులన్నీ ఒకసారి తిరగేశాను. వాటిలో ఎక్కువ రెండో రకమే.